గింప్‌లో ఫోటో సైజు మార్చడం: పొందూరు ఖద్దరు నుంచి దరఖాస్తు ఫోటో దాకా

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో మాకు చిన్న స్టూడియో ఉంది. ఫోటోలు తీయడం కంటే తీసిన ఫోటోల సైజు మార్చడమే ఇక్కడ ఎక్కువ పని. 2018లో 2.10 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఆ పనికి గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. ఇప్పుడు వాడుతున్నది 2025లో విడుదలైన 3.0. ఉచితంగా దొరుకుతుందని మొదలుపెట్టిన మాట నిజమే. ఇన్నేళ్ళు వదలకపోవడానికి కారణం మాత్రం ధర కాదు, ఫోటోను చిన్నది చేయడంలో దానికున్న నేర్పు.

ఆ నేర్పు తేలేది పొందూరు ఖద్దరు దగ్గర. పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి, చేత్తో సన్నగా వడికి, మగ్గం మీద నేసిన బట్ట అది. పైట చెంగును 24 మెగాపిక్సెల్ కెమెరాతో దగ్గరగా తీస్తే, 6000 × 4000 పిక్సెళ్ళ ఫోటోలో పడుగూ పేకా విడివిడిగా కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మేవారు దాన్ని 1200 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి ఇమ్మంటారు. అంటే అడ్డంగా ఉన్న ప్రతి ఐదు పిక్సెళ్ళూ ఒక్కటి కావాలి. ఒక పోగుకూ దాని పక్క సందుకూ కలిపి రెండు పిక్సెళ్ళైనా మిగలకపోతే, బట్టలో లేని చారలు, అలలు ఫోటోలో పుట్టుకొస్తాయి. కొనేవారికి అది నేత లోపంలా కనిపిస్తుంది. రోజుల తరబడి మగ్గం మీద కూర్చున్న మనిషి పనికి ఫోటో వల్ల చెడ్డపేరు రావడం నేను సహించలేను.

అందుకే ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తెరిచినప్పుడు, వెడల్పు ఎత్తుల కింద, కొత్త పిక్సెళ్ళను లెక్కకట్టే పద్ధతిని ఎంచుకునే ఇంటర్‌పొలేషన్ గడిని వదిలేయకండి. చాలామంది అక్కడి దాకా చూడరు. మామూలు ఫోటోలకు క్యూబిక్ సరిపోతుంది. సగానికంటే బాగా తగ్గించేటప్పుడు నేను నోహాలో ఎంచుకుంటాను; అంచుల వెంట తెల్లని గీత రాకుండా నేత మెత్తగా కుదురుకుంటుంది. అప్పటికీ అలలు వస్తే వెనక్కి వచ్చి, తగ్గించే ముందే గాసియన్ బ్లర్ కొద్దిగా వేస్తాను. పోగుల గీతలు ముందే కాస్త కరిగితే అలలు పుట్టే అవకాశం తగ్గుతుంది. సైజు మార్చాక అన్‌షార్ప్ మాస్క్‌తో పదును పెడతాను. అందులో పదును అంచు చుట్టూ ఎంత దూరం పాకాలో చెప్పే రేడియస్, మనం మార్చకపోతే, 3 దగ్గర ఉంటుంది. వెబ్‌సైటులో పెట్టే చిన్న ఫోటోకు అది ఎక్కువ. ఒకటి లోపలికి దించితేనే పోగు పోగులా ఉంటుంది. ఫలితాన్ని 100 శాతం జూమ్‌లో మాత్రమే చూడండి. కీబోర్డు మీద 1 నొక్కితే చాలు. తెర మీద కుదించి చూస్తే ఫోటోలో లేని అలలు కూడా కనిపించి కంగారు పెడతాయి.

జేపెగ్‌గా ఎగుమతి చేసేటప్పుడు ఇంకో సంగతి. తెల్ల ఖద్దరు మీద ఎర్ర అంచు ఉంటే, ఆ ఎరుపు పక్కనున్న తెలుపులోకి కారినట్టు కనిపిస్తుంది. తప్పు సైజు మార్చడంలో లేదు. ఫైలు బరువు తగ్గించడానికి జేపెగ్‌లో రంగుల సమాచారాన్ని సగానికో పావుకో కుదించే వీలుంది, దాన్నే సబ్‌శాంప్లింగ్ అంటారు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో సబ్‌శాంప్లింగ్ 4:4:4 (రంగులను కుదించని పద్ధతి) మీద ఉందో లేదో చూసి, లేకపోతే దానికి మార్చితే అంచు కత్తిరించినట్టు నిలబడుతుంది. ఫైలు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఇక దరఖాస్తు ఫోటోలు. ఉద్యోగ ప్రకటన పడిందంటే మా దగ్గర వరుస కడతారు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ అడిగే ఫోటో 200 × 230 పిక్సెళ్ళు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. పిల్లలు తెచ్చేది 35 × 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫోటో. రెండింటి నిష్పత్తి ఒకటి కాదు. వెడల్పు ఎత్తుల మధ్య ఉండే గొలుసు గుర్తును తెంచి 200, 230 అని కొట్టేస్తే మొహం అడ్డంగా సాగుతుంది. ముందు క్రాప్ టూల్‌లో నిష్పత్తిని 200:230గా బిగించి కత్తిరించి, గొలుసు ఉంచే సైజు తగ్గించాలి. గింప్‌లో నాకు నిజంగా లోటనిపించేది ఇక్కడే: "30 కేబీకి తెచ్చిపెట్టు" అని చెప్పే గడి లేదు. ఎగుమతి పెట్టెలో ప్రివ్యూ టిక్ పెట్టి, క్వాలిటీని జరుపుతూ ఫైలు సైజు చూసుకోవాలి. ఇంత చిన్న ఫోటో క్వాలిటీ 90 దగ్గర తరచుగా 20 కేబీకి కిందే ఉండిపోతుంది, అప్పుడు తగ్గించడం కాదు, 95 పైకి పెంచాలి. కేబీ ఎక్కువైందని భయపడేవారే గానీ తక్కువైతే కూడా ఫోటో తిరస్కరిస్తారని చాలామందికి తెలియదు.

వందల ఫోటోలను ఒకేసారి మార్చాలంటే గింప్ మెనూల్లో సిద్ధంగా దారి లేదు, స్క్రిప్టు రాసుకోవాలి. పెళ్ళి ఫోటోల పనికి నేను ఇమేజ్‌మ్యాజిక్ అనే, ఆదేశాలు టైపు చేసి నడిపే సాఫ్ట్‌వేర్ వాడతాను. అందులో మోగ్రిఫై ఆదేశం అసలు ఫైళ్ళ మీదే కొత్తవి రాసేస్తుంది కాబట్టి ఫోల్డరును ముందే కాపీ చేసుకోండి.

పెద్దది చేయడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు, పటం కట్టించడానికి వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫోటో తెస్తారు. 12 × 18 అంగుళాల పటానికి 300 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున, 3600 × 5400 పిక్సెళ్ళు కావాలి. గోడ మీద దూరం నుంచి చూసే పటమే కాబట్టి 150 అయినా 1800 × 2700 ఉండాలి. తెచ్చిన దాంట్లో అందులో సగం కూడా ఉండదు. గింప్‌లో ఏ పద్ధతి ఎంచుకున్నా ఉన్న పిక్సెళ్ళ మధ్య ఖాళీలను నునుపుగా నింపుతుందే తప్ప లేని కనురెప్పను తెచ్చివ్వదు. అది నిజాయితీ గల పనే, దానికి నేను గింప్‌ను తప్పుపట్టను. ఈ మధ్య కృత్రిమ మేధతో మొహాలకు స్పష్టత తెచ్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి ఊహించి గీస్తాయి. చర్మం నున్నగా, కళ్ళు మెరుస్తూ వస్తాయి కానీ ఆ మొహం వాళ్ళ నాన్నది కాదు. మొక్కుకునే పటానికి నేను వాటిని వాడను.

దానికి బదులు మొదటి ఫోనులో ఉన్న అసలు ఫోటోను డాక్యుమెంటుగా పంపించమంటాను, అలా పంపితే వాట్సాప్ కుదించదు. ఫోను ఫోటో లేకపోతే, పాత కాగితపు ఫోటోనే తెమ్మంటాను. 35 × 45 మిల్లీమీటర్ల ఫోటోను 600 రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తే సుమారు 827 × 1063 పిక్సెళ్ళు వస్తాయి. 150 దగ్గర అది ఐదున్నర అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల ఎత్తు పటానికి సరిపోతుంది. అంతకు మించిన సైజు అడిగితే, ఫోటోను అంతలోనే ఉంచి చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు పెట్టి ఫ్రేము కట్టించుకోమంటాను.