ప్రొటీన్ స్కిమ్మర్: కొనాలా, మనమే కట్టుకోవాలా?

రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) చేపల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్లి నైట్రేట్‌గా మారకముందే నురుగుతో బయటికి లాగేయడం స్కిమ్మర్ పని. ఆ సేంద్రియ పదార్థాలు గాలి బుడగల అంచుకు అంటుకుంటాయి. అందుకే బుడగలు సన్నగా ఉండాలి, నీటిలో ఎక్కువసేపు నిలవాలి.

ఇంట్లో కట్టుకోవడానికి తేలికైనది చెక్క ఎయిర్‌స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే చెక్క ముక్క) రకం. నిలువు అక్రిలిక్ గొట్టంలో పైనుంచి నీళ్లు దిగుతుంటే, అడుగు నుంచి బుడగలు ఎదురెక్కుతాయి. గొట్టం పొడవుగా ఉంటే నిజంగా బాగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువే. కానీ ఆ చెక్క కొన్ని వారాలకే మూసుకుపోతుంది. మార్చడం ఆలస్యమైతే బుడగలు లావై నురుగు పడిపోతుంది. అతుకుల దగ్గర లీకేజీ టెన్షన్ వేరే.

కొనేవాటిలో ఎక్కువ నీడిల్ వీల్ రకమే. పంపు గాలిని పీల్చి, ముళ్ల చక్రంతో చిన్న బుడగలుగా నరుకుతుంది. పొట్టిగా ఉండి సంప్‌లో (ట్యాంకు నీళ్లు వచ్చిపోయే విడి తొట్టిలో) ఇమిడిపోతుంది. సంప్ నీటిమట్టం మాత్రం నిలకడగా ఉండాలి, గాలి గొట్టంలో పేరుకునే ఉప్పును అప్పుడప్పుడు కడగాలి. ఎన్ని లీటర్ల ట్యాంకుకు సరిపోతుందో చెప్పే డబ్బా మీది లెక్కను నేను నమ్మను. చేపలు ఎక్కువుంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి.

పగడాలు పెంచేవాళ్లకు నేను కొనమనే చెబుతాను. ఏదైనా సరే, కొత్తలో కొన్ని రోజులు నురుగు కుదురుగా రాదు. అంతవరకు సెట్టింగులు కదపకండి.