మా ఇంటి బొంత గుర్తొచ్చిన పుస్తకం: 'బ్లాంకెట్స్'

క్రెయిగ్ థాంప్సన్ తన చిన్నతనం మీద రాసి, గీసిన 'బ్లాంకెట్స్' 2003లో వచ్చింది. దాదాపు 600 పేజీలు. బొమ్మలే కదా, రెండు గంటల్లో అయిపోతుందిలే అని శనివారం రాత్రి భోంచేసి కూర్చున్నాను. ముగించేసరికి చర్చికి తయారవ్వాల్సిన టైమయింది.

అమెరికాలో, విస్కాన్సిన్‌లో ఒక పల్లె. భక్తిగల పేద కుటుంబం. అన్నదమ్ములిద్దరికీ ఒకటే మంచం, దుప్పటి కోసం కొట్లాట. సండే స్కూల్లో టీచర్, పరలోకంలో అందరం పాటలు పాడి దేవుణ్ణి స్తుతిస్తామని చెబుతుంది. పాడే బదులు ఆయన సృష్టిని బొమ్మలు వేసి స్తుతించకూడదా అంటాడు చిన్న క్రెయిగ్. ఆయనే ఎప్పుడో గీసేశాడు కదా అంటుందావిడ. గుంటూరులో కంఠత వాక్యాలు అప్పజెప్పి పెరిగినదాన్ని, నాకు గొంతు పట్టేసింది. అలాంటి ప్రశ్నలు నాకూ ఉండేవి, ఒక్కటీ అడగలేదు.

చర్చి క్యాంపులో రైనా అనే అమ్మాయితో క్రెయిగ్‌కు పరిచయం, ప్రేమ. రకరకాల గుడ్డముక్కలు కలిపి తన చేత్తో కుట్టిన క్విల్ట్ అతనికిస్తుంది. మన మాటలో బొంత. మా అమ్మమ్మ పాత నేతచీరలతో కుట్టేది, ఏ ముక్క ఏ చీరదో వేలు పెట్టి చూపించేది. విడిపోయాక రైనా గుర్తులన్నీ కాల్చేసిన అతను ఆ బొంతను మాత్రం కాల్చలేకపోతాడు. అక్కడ కాసేపు పుస్తకం మూసేశాను.

మంచు పడే పేజీల్లో చాలాచోట్ల మాటలుండవు. గీయకుండా వదిలేసిన తెల్లకాగితమే మంచు.

అతను చర్చికి దూరమవుతాడు. కానీ దేవుణ్ణీ, యేసు బోధల్నీ ఇంకా నమ్ముతున్నాననే చెబుతాడు. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని. అతని దారి నాది కాదు, అయినా ఒక్క పేజీలో కూడా నా విశ్వాసాన్ని చిన్నబుచ్చాడనిపించలేదు. మా పాస్టరు గారికి కూడా ధైర్యంగా ఇస్తాను.

ఒక్క లోటుంది. రైనా అమ్మానాన్నలు విడిపోతున్నారు, మానసిక ఎదుగుదల లోపం ఉన్న తోబుట్టువులను తనే చూసుకోవాలి. అంత బరువు మోసే అమ్మాయిని అతను దేవతలా చూస్తాడే కానీ, ఆమె అలసట, కోపం మనకు సరిగా అందవు. ఆమె వైపు నుంచి ఇంకో 50 పేజీలున్నా చదివేదాన్ని.

చిన్నపిల్లలకు ఇవ్వకండి. నగ్నచిత్రాలున్నాయి, పసితనంలో జరిగిన లైంగిక వేధింపు ఉంది. ఇంగ్లిష్ మాత్రం తేలిక, ఇంటర్ చదివినవాళ్లు హాయిగా చదువుకోవచ్చు.

నా కాపీ ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుంది. చిన్నప్పుడు రాత్రిళ్లు నా మీది బొంత లాగేసుకున్నది వాడే.