అదాలత్ దగ్గరి వకీలు గారి ఆఫీసులో మా నాయన వీలునామా

హనుమకొండలో అదాలత్ కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక జిరాక్స్ సెంటరు పై అంతస్తులో ఉన్న వకీలు గారి ఆఫీసులో ఈ వేసవిలో మా నాయన వీలునామా రాయించుకున్నాడు. న్యాయవాదులు తమను తాము ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. నా మెప్పు ఆయనకు ప్రకటనగా మారకూడదని పేరు రాయడం లేదు. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు లేకపోవడమే ఇద్దరికీ మంచిది.

మేము వెళ్లింది పెద్ద పని అనుకొని కాదు. దస్తావేజు లేఖరి ఒకరు అంతకుముందే రెండు పేజీల చిత్తుప్రతి రాసిచ్చారు. దానిని ఒకసారి చూపించి, రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సరిపోతుందనుకున్నాం. వకీలు గారు ఆ కాగితాలు ముట్టుకోకముందే నన్నూ మా అక్కనూ బయట బల్ల మీద కూర్చోమన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషిని లోపల ఒక్కడినే కూర్చోబెట్టడం నాకు మొదట నచ్చలేదు. తలుపు సందులోంచి వినిపించిన తొలి ప్రశ్న: "ఇది పిల్లలు అడిగితే రాయిస్తున్నరా, మీకే అనిపించి రాయిస్తున్నరా?" వీలునామా వల్ల లాభం పొందేవాడే దానిని రాయించడంలో ముందు నిలబడితే అది అనుమానానికి తావిచ్చే విషయమనీ, ఆ అనుమానాన్ని తీర్చవలసిన భారం వీలునామాను కోర్టు ముందు పెట్టినవారిదేననీ 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని ఆయన తరువాత వివరించారు. నాయనను ఆటోలో తీసుకువచ్చింది నేనే, చిత్తుప్రతి రాయించింది నేనే, సంచిలో దానిని మోసుకొచ్చింది కూడా నేనే అని అప్పుడు గుర్తుకొచ్చింది.

ఈ ఆఫీసుకు మేమిచ్చిన ఫీజు ఎక్కడ సార్థకమైందంటే, ఒక్క వాక్యం దగ్గర. పాత చిత్తుప్రతిలో మా ఇంటి గురించి "నా భార్య తన మనోవర్తి నిమిత్తం సదరు ఇంటిని జీవితాంతము అనుభవించి, తదనంతరము నా చిన్న కుమారునికి చెందవలెను" అని ఉంది. వినడానికి నిండుగా, పెద్దమనిషి తరహాలో ఉన్న ఆ వాక్యంలో "మనోవర్తి", అంటే భరణం, అన్న మాట కింద వకీలు గారు పెన్సిలుతో రెండు గీతలు గీశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లోని మొదటి భాగం స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమెనే సంపూర్ణ హక్కుదారును చేస్తుంది; రెండవ భాగం మాత్రం వీలునామా ద్వారా పరిమిత హక్కుగా ఇచ్చినది పరిమితంగానే ఉంటుందని చెబుతుంది. అయితే ఆమెకు ముందునుంచే ఉన్న భరణపు హక్కుకు బదులుగా ఆస్తి ఇచ్చినప్పుడు, కాగితం మీద ఎన్ని షరతులు రాసినా అది ఆమెకు సంపూర్ణ హక్కే అవుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అంటే ఆ ఒక్క మాట వల్ల, మా తమ్ముడు తనకే వస్తుందనుకున్న ఇంటిని మా అమ్మ అమ్ముకోవచ్చా లేదా అన్న సంగతి ఇరవై ఏళ్ల తరువాత ఏ న్యాయమూర్తి ముందో తేలవలసి వచ్చేది. ఆయన తీర్పులు వల్లించి ఊరుకోలేదు. నాయన వైపు తిరిగి, మీ మనసులో ఏముందో చెప్పండి, దానికి తగిన మాట నేను వెతుకుతాను అన్నారు. నాయన కాసేపు ఫ్యాను వైపు చూసి, "నేను పోయినంక ఆమె ఎవల ముందట చెయ్యి చాపద్దు" అన్నాడు. ఇల్లు ఏ షరతూ లేకుండా అమ్మ పేర రాశారు. ఒకవేళ నాయన కంటే ముందు అమ్మ కన్నుమూస్తే ఆ రాత చెల్లకుండా పోతుంది కాబట్టి, అప్పుడు ఇల్లు ఎవరికి చేరాలో చెప్పే మరొక వాక్యం కూడా చేర్చారు.

పరకాల వైపు ఊళ్లో ఉన్న 3 ఎకరాల 12 గుంటల సంగతి ఇంత మెత్తగా తేలలేదు. పట్టాదారు పాసుపుస్తకం తన పేరనే ఉంది కాబట్టి భూమి అంతా తన ఇష్టమని నాయన నమ్మకం. అది తాత నుంచి ఉమ్మడి ఆస్తిగా వచ్చినదైతే వీలునామా ఆయన వాటా వరకే చెల్లుతుందనీ, 2005 సవరణ తరువాత అందులో కొడుకులతో సమానంగా కూతురికి కూడా పుట్టుకతోనే హక్కు ఉందనీ, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ హక్కు మరింత స్పష్టమైందనీ వకీలు గారు చెప్పారు. నాయన ముఖం కొంచెం ముడుచుకున్నా, చివరికి "నాకు చెందే వాటా మేరకు" అనే రాయించారు. ఈ మాట విన్న మా అక్క ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. బ్యాంకు డిపాజిట్లకు తమ్ముడు నామినీగా ఉన్నాడు కదా, వాటి ప్రస్తావన అవసరం లేదని నేనన్నప్పుడు, నామినీ డబ్బు అందుకునేవాడే కానీ దానికి యజమాని కాడని గట్టిగానే చెప్పి, వాటినీ వీలునామాలో చేర్పించారు.

ఇక ఫిర్యాదులు. ఆయన సమయం ఆయన చేతిలో ఉండదు. ఉదయం పదిన్నరకు కోర్టు. ఏ కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. సాక్షి వస్తే మధ్యాహ్నమంతా ప్రశ్నలు, రాకపోతే వాయిదా. సాయంత్రం ఏడు దాటాక నల్లకోటు కుర్చీకి తగిలించి, గుమాస్తా తెచ్చిన టీ చల్లారుతుండగా మరునాటి ఫైళ్లు విప్పుతారు. మాలాంటివారి పని ఆ రెండు గంటల్లోనే జరగాలి. రెండు సాయంత్రాలు మేము కూర్చొని కూర్చొని తిరిగి వచ్చాం, ముందుగా ఒక ఫోను చేసి చెప్పినవారు లేరు. టైపు చేసిన ప్రతిలో ఇంటి హద్దులు ఉత్తరం దక్షిణం తారుమారయ్యాయి. ఆ తప్పు బయటపడింది కూడా ఆయన పద్ధతి వల్లనే: సంతకానికి ముందు నాయన చేతనే మొత్తం పైకి చదివిస్తారు. "ఉత్తరమున రోడ్డు" అని చదివి నాయన ఆగి, రోడ్డు దక్షిణాన కదా ఉన్నది అన్నాడు. గుమాస్తా గొణుక్కుంటూ మళ్లీ ప్రింటు తీశాడు. ఫీజు 6 వేలు. రసీదు అడిగితేనే ఇచ్చారు.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఈ సంగతులు ఆయనే చెప్పి, రిజిస్ట్రేషన్ చేయించాలా వద్దా అన్నది మాకే వదిలేశారు. తమ్ముడు దుబాయిలో ఉన్నందున చేయించడమే మేలని మేము అనుకున్నాం. సాక్షుల విషయంలో మాత్రం ఆయన రాజీ పడలేదు. నాయన ఈడు స్నేహితులను తీసుకువెళ్తే, రేపు గొడవ వస్తే సాక్షులలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుందని, వయసులో చిన్నవారిని, ఊళ్లోనే ఉండేవారిని, వీలునామాలో ఏ లాభమూ లేనివారిని తెమ్మన్నారు. మా వీధిలోని బడిపంతులు, మందుల షాపు ఆయన వచ్చారు.

వెళ్లదలచినవారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, ఆధార్ నకళ్లు పట్టుకొని రాత్రి ఏడున్నర తరువాత వెళ్లడం మంచిది. అసలు ప్రతిని నాయన ఒక్కడి పేరున ఉన్న బ్యాంకు లాకరులో పెట్టవద్దని, ఆయన పోయాక ఆ లాకరు తెరవడానికే కాగితాలు చూపవలసి వస్తుందని చెప్పి పంపారు. అది ఇప్పుడు అమ్మ బీరువాలో, పెళ్లి చీర మడత కింద ఉంది.