పీవీసీ ఆవులా, కొండపల్లి ఎడ్లా, మట్టెద్దులా: పల్లె పశువుల బొమ్మల సేకరణకు ఏది మేలు?

కర్నూలులోని మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. దాని పై అరలో విదేశీ కంపెనీలు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఆవులు, గుర్రాలు, గొర్రెలు ఉంటాయి. నడిమి అరలో కొండపల్లి ఎడ్లబండి, దానికి తోడుగా మరికొన్ని కొయ్యబొమ్మలు. కింది అరలో ఆదోని వైపు ఉన్న మా సొంత ఊరి కుమ్మరి చేతి మట్టెద్దులు. పదకొండేళ్లుగా వీటిని పోగుచేస్తున్నాను. ఇంటికి వచ్చి వీటిని చూసి, తామూ మొదలుపెట్టాలనుకునేవారు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: డబ్బు పెట్టేటట్లయితే దేనిమీద పెట్టాలి? ఈ ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు మొదటి రెండేళ్లలో ఒకలా ఉండేది, ఇప్పుడు మరొకలా ఉంది. ఎందుకు మారిందో వివరంగా చెబుతాను.

ముందుగా పీవీసీ బొమ్మల సంగతి. పశువుల బొమ్మలను వరుసగా, ఒకే కొలతలో తయారుచేసి అమ్మడం ఐరోపాలో పాత వ్యాపారమే. ఇంగ్లండులోని బ్రిటన్స్ కంపెనీ 1893లో సీసాన్ని లోపల బోలుగా పోతపోసే పద్ధతితో సైనికుల బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత యుద్ధపు బొమ్మల మీద జనానికి మోజు తగ్గడంతో అది ఆవులు, గొర్రెలు, పాలేర్ల బొమ్మల వైపు తిరిగింది. తర్వాతి కాలంలో సీసం పోయి ప్లాస్టిక్ వచ్చింది. 1935లో జర్మనీలో పుట్టిన ష్లైక్, ఫ్రాన్సుకు చెందిన పాపో, ఇంకా కలెక్టా, సఫారీ వంటి కంపెనీలు నేడు సేకరణకర్తల నోళ్లలో నానే పేర్లు.

ఈ బొమ్మల పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. నా దగ్గరున్న నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవును అరచేతిలో పెట్టుకుని చూస్తే, పొదుగు వైపు పాకుతున్న పాలనరం, గిట్టల నడుమ చీలిక, తోక కుచ్చులో విడివిడిగా కనబడే పాయలు, ముట్టె మీద తడి మెరుపు కోసం వేసిన సన్నని నిగనిగల పూత అన్నీ కనిపిస్తాయి. పశువు ఒళ్లు ఎరిగినవాడు పోత అచ్చు చెక్కాడని ఎవరికైనా తెలిసిపోతుంది. పైగా కొలతకు ఒక లెక్క ఉంటుంది. బ్రిటన్స్ పశువులు అసలు కొలతలో 32వ వంతు. సీకూ వంటి కంపెనీల ట్రాక్టర్లు కూడా అదే కొలతలో వస్తాయి కాబట్టి రెండింటినీ ఒకే పొలంలో నిలబెట్టవచ్చు. ష్లైక్ బొమ్మలు ఇంతకంటే పెద్దవి, సుమారు 20వ వంతు. భుజం దగ్గర 150 సెంటీమీటర్ల ఎత్తుండే ఒంగోలు ఎద్దును మొదటి కొలతలో చేస్తే 4.7 సెంటీమీటర్లు, రెండో కొలతలో చేస్తే 7.5 సెంటీమీటర్లు వస్తుంది. ఈ తేడా తెలియక రెండు రకాలనూ కలిపి కొన్నవారి అరలో ఆవు పక్కన నిలబడిన గుర్రం మేకంత కనబడుతుంది.

అయితే ఇంత పనితనమున్న అరలో మన పశువు ఎక్కడుంది? హోల్‌స్టీన్, సిమెంటాల్, నిడుపాటి బొచ్చు వేలాడే స్కాట్లాండు ఆవు, బారెడు కొమ్ముల టెక్సాస్ ఎద్దు అన్నీ ఉన్నాయి. వీటిలో ఒక్కదానికీ మూపురం లేదు, గంగడోలు నామమాత్రం. మా అవ్వ బతికుండగా నా మొదటి ఆవు బొమ్మను చేతికిస్తే, వేలితో దాని మెడ వెనుక తడిమి, "కాడి యాడ పెడతారు నాయనా దీనికి?" అని అడిగింది. ఆ ఒక్క మాట నా సేకరణ దారిని మార్చింది. మూపురమున్న బొమ్మ కావాలంటే అమెరికాలోని బ్రహ్మన్ జాతి ఎద్దు ఒకటి అరుదుగా దొరుకుతుంది. ఆ జాతిని అక్కడివారు మన గిర్, ఒంగోలు వంటి పశువుల నుంచే వృద్ధి చేశారు కాబట్టి పోలిక చాలావరకు కుదురుతుంది. కానీ ఒక్క ఎద్దుతో జత కాదు, జత లేనిదే కాడి లేదు.

గొర్రెల విషయంలో ఈ లోటు ఇంకా ఎక్కువ. కంపెనీలు చేసే గొర్రె దాదాపు ఎప్పుడూ దూది మూటలాంటి తెల్లని ఉన్ని గొర్రే. అనంతపురం, కడప జిల్లాల్లో ఎండిన చేలలో మేసే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి; కాళ్లు పొడవు, చెవులు వేలాడుతుంటాయి, దూరం నుంచి చూస్తే మేకేమో అనిపిస్తుంది. అందులోనూ తెల్లనిదాన్ని పల్ల అనీ, కళ్ల చుట్టూ మూతి దగ్గరా నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అనీ, ఎర్రమట్టి రంగుదాన్ని దొర అనీ అంటారు. మరోవైపు గొంగళ్లకు ఉన్నినిచ్చే దక్కనీ నల్లగొర్రె ఉంది. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఇంతవరకు నాకు పీవీసీలో దొరకలేదు. ఎనుము (గేదె) కోసం వెతికేవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. నాకు ఒకసారి ఎనుము అని పంపిన బొమ్మ ఆఫ్రికా అడవిదున్న. కొమ్ముల మొదళ్లు నొసటి మీద టోపీలా కలిసిపోయి ఉంటే అది మన ఎనుము కాదని గుర్తించాలి.

ఖరీదు కూడా చిన్న విషయం కాదు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పిల్లల భద్రత దృష్ట్యా ఇది మంచిదే. సేకరించేవారికి మాత్రం కోరుకున్న బొమ్మ దొరకడం మరింత కష్టమైంది. ఇక మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింది గదిలో పెడితే సన్నకాళ్ల గుర్రం, దూడ తమ బరువుకే పక్కకు ఒరిగిపోతాయి. వంగిన కాలును వేడినీళ్లలో కాసేపు ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే తిరిగి నిలబడుతుంది. ఈ మరమ్మతు నేను చాలాసార్లు చేశాను. ఇలా బాగుచేసుకునే వీలు కొయ్యకూ మట్టికీ లేదు కాబట్టి మన్నికలో పీవీసీదే పైచేయి అని ఒప్పుకోవాలి.

కొండపల్లి బొమ్మల గురించి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, అవయవాలను విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూత మీద రంగులు వేస్తారు. ఎడ్లబండి అందులో పేరున్న బొమ్మ. ఆ ఎడ్లకు మూపురం ఉంది, మెడలో పట్టెడ ఉంది, బండికి కాడి ఉంది. కానీ అది పశువు పోలిక కంటే పల్లె వేడుకను చూపే బొమ్మ. కాళ్లు నాలుగూ ఒకే తీరుగా ఉంటాయి, కళ్లు మనిషి కళ్లలా తీర్చి ఉంటాయి. దాన్ని లోపమని నేను అనను, అది ఆ కళ స్వభావం. అయితే జాతి వారీగా సేకరించాలనుకునేవారికి ఇందులో ఎదుగుదల లేదు; రెండు మూడు బొమ్మలతో అర నిండి ఆగిపోతుంది. దుమ్మును పొడి కుంచెతోనే దులపాలి, తడిగుడ్డ తగిలితే రంగు లేస్తుంది, పురుగు పట్టకుండా ఏడాదికోసారైనా అడుగుభాగం తిప్పి చూడాలి. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద తిప్పి లక్కపూత పూసేవి కాబట్టి గుండ్రటి రూపాలకే అనువైనవి. పశువుల కోసం నేను వాటి జోలికి వెళ్లలేదు.

మిగిలింది మట్టెద్దు. ఏరువాక పున్నమి దాటిన పదిహేను రోజులకు వచ్చే అమావాస్యను కర్ణాటక సరిహద్దు మీది మా పల్లెల్లో మట్టెద్దుల అమావాస్య అంటారు. ఆ పొద్దున మట్టెద్దుల జతను ఇంటికి తెచ్చి పూజచేస్తారు. పొట్టి కాళ్లు, రెండు వేళ్లతో ఒక్కసారి నొక్కి పైకి లాగిన మూపురం, బొటనవేలితో జార్చిన గంగడోలు, ఇంతే దాని రూపం. కళ్లుండవు, గిట్టలుండవు. అయినా మా ఊళ్లో ఏ పిల్లవాడికి చూపినా అది ఎద్దని చెబుతాడు, కొమ్ముల వంపు చూసి పెద్దవాళ్లయితే ఏ దిక్కు ఎద్దో కూడా చెబుతారు.

దీని బలహీనత మట్టిలోనే ఉంది. పండుగ ఎద్దులు పచ్చిమట్టివి, కాల్చనివి. మా వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఆ మట్టితో చేసిన బొమ్మ వారం తిరగకముందే మూపురం మొదట్లో పగులుతుంది. మొదటి మూడేళ్లు నేను దాచిన జతలన్నీ అలాగే పోయాయి. తర్వాత కుమ్మరి పెద్దాయనను అడిగి చెరువు ఒండ్రులో సన్నని ఇసుక కలిపించి, పొట్ట లోపల బోలు చేయించి, నీడలో బాగా ఆరబెట్టించి, కుండలతోపాటు ఆవంలో కాల్పించాను. లోపల తడి మిగిలినా, మట్టి మందంగా ఉన్నా ఆవంలో పేలిపోతుంది; మొదటిసారి ఇచ్చిన ఆరింటిలో రెండు అలా పోయాయి. "తొందర పడొద్దప్పా, ఎద్దు ఆరేదాకా రైతు ఆగాల" అని ఆయన అన్నాడు. మిగిలిన నాలుగూ ఏడేళ్లుగా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కాబట్టి నా తీర్పు ఇది. ఎద్దు, ఆవు, గొర్రె పీవీసీలో కొనవద్దు. కాల్చిన మట్టిలో చేయించుకోండి. కుమ్మరికి సెంటీమీటర్లలో ఎత్తు చెప్పండి. ఎద్దుకు 7.5 అని చెబితే అది ష్లైక్ బొమ్మల పక్కన సరిగ్గా ఇమిడిపోతుంది. గుర్రం, గాడిద, కుక్క, కోడి, బాతు పీవీసీలోనే తీసుకోండి. వీటిలో జాతి తేడా కంటికి అంతగా అడ్డుపడదు, సన్నని కాళ్లు మట్టిలో నిలవవు. కొండపల్లి ఎడ్లబండి ఒక్కటి ఉండాలి, విడిగా ఒక అరలో. ఇంట్లో మూడేళ్ల లోపు బిడ్డ ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, ఐఎస్ఐ గుర్తున్న, నోట్లో పట్టని పెద్ద బొమ్మలే కొనాలి.

ఈసారి ఆవం పెట్టేటప్పుడు కాల్చడానికి నాలుగు గొర్రెలు ఇచ్చాను. రెండు దొరలు, వాటికి రంగు అక్కరలేదు, కాలిన మట్టి రంగే సరిపోతుంది. మిగతా రెండు జోడిపి. కాలి వచ్చాక వాటికి సున్నం పూసి, కళ్ల చుట్టూ మూతి మీదా మసితో మచ్చలు పెట్టాలి.