డెవిల్ ఒప్పందాల కార్డుల పెట్టె కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి పాచికలతో కథను నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడే హైదరాబాద్ మిత్రులకు, ముఖ్యంగా ఆటను నడిపించే బాధ్యత తీసుకున్నవారికి ఈ విషయం తెలియజేయడం అవసరమనిపించింది. గత నెలలో నగరంలో జరిగిన ఒక ఆటవస్తువుల అమ్మకంలో 2,400 రూపాయలు పెట్టి, ఆటలోని పాత్రలు డెవిళ్లతో, అంటే నరకపు దయ్యాలతో, చేసుకునే ఒప్పందాల కార్డుల పెట్టె ఒకటి కొన్నాను. ఆ ఆట అయిదో ఎడిషన్ నియమాలకు సరిపోయే 60 ఒప్పందాలు ఉన్నాయని మూత మీద అచ్చువేశారు. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే అసలు ఒప్పందాలు 12 మాత్రమే. పేర్లూ బొమ్మలూ మార్చి ఒక్కొక్కదాన్ని అయిదేసి సార్లు ముద్రించారు.

లెక్క తగ్గడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఆ కార్డులు రాసినవారికి ఈ ఆటలో బేరం ఎలా నడుస్తుందో తెలియకపోవడం. డెవిళ్లు తొమ్మిది నరకాలకు చెందినవి. అట్టడుగున ఉన్న నెస్సస్ నుంచి అస్మోడియస్ వాటిని ఏలుతుంది. క్రూరత్వం ఎంత ఉన్నా కట్టుబాటు తప్పని జాతి అది; రాసిన మాటకు అక్షరాలా కట్టుబడుతుంది, ఆ అక్షరంలోనే ఉచ్చు పన్నుతుంది. అబిస్ అనే వేరే లోకంలో ఉండే డీమన్లనే దుష్టజీవులు వేరు. వాటికి కట్టుబాటూ లేదు, ఇచ్చిన మాట మీద నిలబడే గుణమూ లేదు. ఈ పెట్టెలో నాలుగు కార్డులు డీమన్ల రాజైన డెమోగోర్గన్ పేరు మీద ఉన్నాయి. ఈ ఆట తెలిసినవారెవరూ చేయని తప్పు అది.

హిరణ్యకశిపుడి వరం మనకందరికీ తెలిసిందే. పగలు కాదు, రాత్రి కాదు, ఇంటి లోపల కాదు, బయట కాదు అని అడిగినవన్నీ అతనికి దక్కాయి. మాట తప్పకుండానే సంధ్యవేళ గడప మీద ఆ మాటల మధ్య సందు దొరికింది. డెవిల్ ఒప్పందమూ అలాగే ఉండాలి. ఏమిస్తుందో, బదులుగా ఏం తీసుకుంటుందో, ఎప్పుడు తీసుకుంటుందో అంతా కాగితం మీద ఉండాలి; ఆటగాడు దాన్ని చదివి ఇష్టపూర్వకంగా సంతకం పెట్టాలి; అతను చదివీ గమనించని సందులో ప్రమాదం దాగి ఉండాలి. ఆత్మను ఇస్తానని ఒప్పుకున్నవాడు మరణించాకే ఆ ఆత్మ నరకానికి చేరి, లెమ్యూర్ అనే అతి నీచమైన డెవిల్‌గా మారుతుంది. బ్రతికినన్నాళ్లు ఆ భయంతో కథ ముందుకు సాగుతుంది. కాదనే దారి కూడా తెరిచి ఉండాలి. ఇదే ఆట ఆధారంగా 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో రాఫెల్ అనే డెవిల్, కర్సస్ కిరీటం తెచ్చిస్తే ఆర్ఫిక్ సుత్తి ఇస్తానని షరతు ముందే చెబుతాడు. ఆటగాడు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, కాదని అతని ఇంట్లోనే దూరి ఆ సుత్తిని ఎత్తుకురావచ్చు.

ఈ పెట్టెలో అసలు షరతులు కార్డు మీద లేవు. ఆట నడిపేవారు మాత్రమే చూడవలసిన వేరే కాగితంలో ఉన్నాయి. మలక్‌పేటలో మా ఇంట్లో ప్రతి శనివారం ఆడతాం. ఇంటర్ చదువుతున్న మా పిన్ని కొడుకు ఆరు నెలలుగా ప్రేమగా పెంచుకున్న పాత్ర, ఒక ఊరిని మహమ్మారి నుంచి కాపాడమని కోరి సంతకం పెట్టింది. సంతకం పడగానే ఆత్మ పోతుందనీ, ఆ పాత్ర ఇక ఆటగాడిది కాదనీ ఆ కాగితం చెప్పింది. ముందుగా చదివి సరిచూసుకోకుండా నేను దాన్ని అలాగే అమలు చేశాను. వాడు మాట్లాడకుండా పాచికలు సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు, రెండు శనివారాలు రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లి అడిగితే, "అక్కా, ఆ మాట కార్డు మీద ఉంటే నేను సంతకం పెడుదునా?" అన్నాడు. వాడన్నది న్యాయం. ఆ ఒప్పందాన్ని రద్దుచేసి, పాత్రను వాడికి తిరిగి ఇచ్చాను.

అమ్మినవారిని అడిగితే, విప్పిన పెట్టెను వాపసు తీసుకునేది లేదన్నారు. డెవిల్ అంటే మోసం చేసేదే కదా అని కూడా అన్నారు. రాతలో తెలివిగా ఇరికించడం వేరు, రాయని షరతును తరువాత బయటపెట్టడం వేరు అని ఎంత చెప్పినా వినలేదు. నేను రసీదు తీసుకోలేదు, ఫోన్‌లో డబ్బు పంపిన వివరమే మిగిలింది. దానితోనే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాను.

పెట్టె ఎర్రగా ఉంటుంది, మూతకు నల్ల రిబ్బను కట్టి ఉంటుంది. ఎక్కడైనా కనిపిస్తే, ఏవైనా రెండు కార్డులూ ఆ వేరే కాగితమూ విప్పి చూపమని అడగండి. చూపకపోతే కొనకండి, కొన్నా రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి. మలక్‌పేట చుట్టుపక్కల ఉన్నవారు శనివారం సాయంత్రం మా ఇంటికి వస్తే నా పెట్టెనే ముందుపెట్టి చూపిస్తాను.