లేబుల్ లేని కఫం పొడి కొనకండి

"మూడు రోజుల్లో కఫం మాయం" అంటూ వాట్సాప్‌లోనూ జాతరల్లోనూ అమ్మే పొట్లాలు, నల్ల గుళికల జోలికి పోవద్దు. ఏళ్ళుగా వేధిస్తున్న తెమడ రెండు పూటల్లో ఆగిందంటే అనుమానపడాల్సిందే. ఇలాంటి వాటిలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. వాడుతున్నకొద్దీ ఆకలి విపరీతమవుతుంది, మొహం ఉబ్బుతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి.

ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి. బయటి స్టెరాయిడ్‌కి అలవాటుపడి ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. ఠక్కున ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. మిగిలిన పొట్లం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయడానికీ ఆ పొట్లమే ఆధారం, పారేయొద్దు.

ఆయుర్వేద మందు కొనాలంటే డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, ఏ దినుసు ఎంత వేశారో ఉండాలి. "రహస్య ఫార్ములా" అంటే కొనొద్దు. మెడికల్ షాపులో దొరికే జైలోమెటాజోలిన్ ముక్కు చుక్కలు కూడా 5 రోజులు దాటితే ముక్కును ఇంకా బిగదీస్తాయి.

అసలు కారణం తెలియకుండా ఏ పొడీ పనిచేయదు. అలర్జీ, సైనస్ వల్ల ముక్కు వెనక నుంచి గొంతులోకి జారేది ఒక రకం. కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నడం వల్ల వచ్చేది ఇంకో రకం. దీనికి గుండెల్లో మంట ఉండాలనేం లేదు, అందుకే చాలామంది పోల్చుకోలేరు. తిన్నాక, పడుకున్నాక ఎక్కువైతే దీన్నే అనుమానించాలి. వీళ్ళు మిరియాల కషాయం తాగితే మంట పెరగొచ్చు. రాత్రి భోజనం నిద్రకి 3 గంటల ముందే ముగించి, మంచం తలవైపు కోళ్ళ కింద 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టండి. దిండ్లు పేరిస్తే పొట్ట మడతపడి ఇంకా ఎగదన్నుతుంది.

ముక్కు నుంచి జారే రకానికి గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర టీస్పూన్ ఉప్పు వేసి పుక్కిలించండి. జలనేతికి (ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడానికి) కుళాయి నీళ్ళు నేరుగా వాడొద్దు, వాటిలో అమీబా ఉంటే అది ముక్కు గుండా మెదడుకి పాకే ప్రమాదముంది. కనీసం ఒక నిమిషం తెర్లించి, చల్లార్చి వాడాలి.

తెమడలో రక్తం, 2 వారాలు దాటిన దగ్గు, 3 వారాలు దాటిన గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, బరువు తగ్గడం: వీటిలో ఏ ఒక్కటున్నా ఇంటి వైద్యం ఆపి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. దగ్గు ఉంటే ప్రభుత్వాసుపత్రిలో టీబీ తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు.