ఏఐకి కళ్లెం ఎక్కడ వేయాలి? తయారుచేసే చోటా, వాడే చోటా?

ఏఐని కట్టడి చేయాలా అని అడిగితే ఇప్పుడు చాలామంది చేయాలనే అంటున్నారు, తయారుచేసే కంపెనీల పెద్దలతో సహా. గొడవంతా ఎలా అన్న దగ్గరే. కొంతకాలం పూర్తిగా ఆపేయాలని కొందరు, అనుమతి లేనిదే బయటికి వదలకూడదని కొందరు, యూరప్ లాగా పెద్ద చట్టం తేవాలని కొందరు, ఉన్న చట్టాలు చాలు, మార్గదర్శకాలు ఇస్తే సరిపోతుందని ఇంకొందరు. వీటిలో ఏది మేలో తేల్చుకోవడానికి నాకు తోచిన దారి ఒకటే. మన మధ్య నిజంగా జరిగిన రెండు సంగతులు తీసుకుని, ఈ పద్ధతి అప్పటికే ఉండి ఉంటే ఆ మనుషులకు ఏమైనా ఒరిగేదా అని ఒక్కోదాన్నీ అడగడం.

మొదటిది తెలంగాణ రేషన్ కార్డుల సంగతి. సమగ్ర వేదిక అని రాష్ట్ర ప్రభుత్వం ఒక వ్యవస్థ పెట్టుకుంది. బండ్ల రిజిస్ట్రేషన్లు, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్లు, ఇలా రకరకాల శాఖల రికార్డులు ఒకచోటికి తెచ్చి, పేర్లూ అడ్రసులూ పోల్చి, ఇందులో ఉన్న మనిషీ అందులో ఉన్న మనిషీ ఒకరేనా కాదా అని సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. పేరు మీద కారు ఉందని తేలితే అర్హత పోయినట్టే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మన పేర్ల సంగతి మనకు తెలుసు కదా: ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మూడోదాంట్లో ఒట్టి పొడి అక్షరం, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ ఎలా కొడితే అలా, ఊరికి నలుగురు వెంకటేశ్వర్లు, పాతబస్తీలో ఒక్కో గల్లీకి పదిమంది అలీలు. హైదరాబాద్‌లో ఒక పెద్దావిడ కార్డుకు పెట్టుకుంటే, రిక్షా తొక్కి బతికిన ఆమె భర్త పేరు మీద కారు ఉందని రాలేదు. ఆ కారు ఆయన పేరుకు దగ్గరగా ఉన్న పేరుగల వేరే మనిషిది.

2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అన్నీ సాఫ్ట్‌వేరే తీసేసిందని నేను అనడం లేదు, అందులో బోగస్ కార్డులు, రెండేసి కార్డులు ఉన్న మాట నిజమే. కానీ రద్దు చేసే ముందు చాలామందికి ఒక నోటీసు కూడా రాలేదు, రేషన్ షాపుకు వెళ్తే డీలర్ చెబితే తెలిసింది. ఒక సామాజిక కార్యకర్త వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో రద్దయిన కార్డులన్నీ మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఆ జులై నాటికి తేల్చిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. నూటికి ఏడున్నర. ఒక్కో కార్డు వెనక నలుగురు మనుషులు ఉంటారని గుర్తు పెట్టుకుని ఆ అంకెను చదవండి.

రెండోది అందరికీ తెలిసిందే. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకు అతికించి వదిలారు. చేసిన వ్యక్తిని 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు మన గుంటూరు వైపే పట్టుకున్నారు, ఆమె అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడని చెప్పారు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, మామూలు కంప్యూటర్.

ఇక పద్ధతులు.

పూర్తిగా ఆపడం. 2023 మార్చిలో చాట్‌జీపీటీ వెనక ఉన్న జీపీటీ-4 కన్నా శక్తిమంతమైన ఏఐ మోడళ్ల (డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రాముల) శిక్షణను ఆరు నెలలు ఆపండని బహిరంగ లేఖ వచ్చింది, వేలమంది సంతకాలు పెట్టారు, ఎవరూ ఆపలేదు. ఆ నెలాఖరులోనే ఇటలీ వ్యక్తిగత డేటా కారణంగా చాట్‌జీపీటీని నిలిపేసింది, నాలుగు వారాల్లో కొన్ని మార్పులు చేయించి మళ్లీ తెరిచింది. ఆపాలనే వాళ్ల భయాన్ని నేను తీసిపారేయను, దాని సంగతి కింద చెబుతాను. కానీ మన రెండు కేసులకు ఇది ఏ రకంగానూ అక్కరకు రాదు. సమగ్ర వేదిక చాట్‌జీపీటీ కన్నా ముందుది, దానికి పెద్ద మోడల్ అవసరమే లేదు. ముఖాలు మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లక్షల కంప్యూటర్లలో చేరిపోయి చాలా కాలమైంది. రేపు తయారయ్యేదాన్ని ఆపితే నిన్న తయారైంది ఆగదు కదా.

అనుమతి పద్ధతి. దీన్ని మన దేశమే రుచి చూసింది. 2024 మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ ఒక సూచన జారీ చేసింది: పూర్తిగా పరీక్షించని, నమ్మదగ్గవి కాని మోడళ్లను జనంలోకి వదలాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని. స్టార్టప్‌లు గగ్గోలు పెట్టాయి, రెండు వారాలు తిరిగేసరికి, మార్చి 15న అనుమతి మాట తీసేసి కొత్త సూచన ఇచ్చారు. తీసేయడమే మంచిదైంది. అనుమతి రాజ్యంలో లాయర్లను పెట్టుకోగల పెద్ద కంపెనీలు గట్టెక్కుతాయి, మాదాపూర్‌లో నలుగురు కలిసి తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే యాప్ చేసుకుంటుంటే వాళ్లు ఆగిపోతారు. దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. అనుమతి ఇచ్చేది ఎవరు? ప్రభుత్వం. రేషన్ కార్డు కేసులో యంత్రాన్ని వాడింది ఎవరు? అదీ ప్రభుత్వమే. తన సాఫ్ట్‌వేర్‌కు తనే అనుమతి రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

యూరప్ చట్టం. దీని గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇది మన కేసు లాంటి దెబ్బ తిన్న చోటు నుంచి వచ్చింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు ఇచ్చే భత్యం విషయంలో పన్నుల శాఖ వేలమంది తల్లిదండ్రులను మోసగాళ్లుగా లెక్కకట్టింది. ఎవరిని అనుమానించాలో చెప్పే ఆ లెక్కలో రెండో పౌరసత్వం ఉండటం కూడా ఒక గుర్తు. తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటే కుటుంబాలు అప్పులపాలయ్యాయి. 2021 జనవరిలో అక్కడి మంత్రివర్గమే రాజీనామా చేసింది. మన దగ్గర దానికెన్నో రెట్ల కార్డులు పోతే ఎవరి కుర్చీ కదిలింది?

యూరప్ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, ఒక్కో భాగం ఒక్కో తేదీ నుంచి వర్తిస్తుంది. అందులో నాకు నచ్చింది మోడల్ ఎంత పెద్దదన్న దానికన్నా దాన్ని దేనికి వాడుతున్నారన్నది ముందు చూడటం. మనుషుల ప్రవర్తనకు మార్కులు వేసి వేరే చోట శిక్షించడం, ఇంటర్నెట్ నుంచి ఎడాపెడా ముఖాలు సేకరించి డేటాబేస్ కట్టడం, ఆఫీసుల్లో బడుల్లో మనుషుల భావోద్వేగాలను యంత్రంతో చదవడం (వైద్యం, భద్రత లాంటి కొన్ని మినహాయింపులతో), ఇవి 2025 ఫిబ్రవరి నుంచి నిషిద్ధం. జరిమానా మూడున్నర కోట్ల యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే సాఫ్ట్‌వేర్ ఎక్కువ ప్రమాదం ఉన్న జాబితాలోకి వస్తుంది, దానిమీద మనిషి పర్యవేక్షణ ఉండాలి, నిర్ణయం వల్ల నష్టపోయినవాళ్లు ఇది ఎలా జరిగిందో చెప్పమని అడగొచ్చు. మన పెద్దావిడకు కావలసింది సరిగ్గా ఇదే.

మరి అలాగే దించుకుందామా అంటే, నేను వద్దనే అంటాను. ఆ చట్టం మోపు మోపెడు కాగితాల పని, దాన్ని మోసే నియంత్రణ సంస్థలు, ఆడిటర్లు, నిపుణులు అక్కడే సరిపోవడం లేదు. ఎక్కువ ప్రమాదం ఉన్న వాటి నిబంధనలు 2026 ఆగస్టు నుంచి రావాల్సి ఉంటే, వాటిని వెనక్కి జరపాలని యూరోపియన్ కమిషనే 2025 నవంబరులో ప్రతిపాదించింది. సమాచార హక్కు కమిషన్లలోనే ఏళ్ల తరబడి ఖాళీలు నింపకుండా వదిలేసిన దేశంలో ఇంత బరువు నెత్తికెత్తుకుంటే చట్టం పుస్తకంలో ఉంటుంది, మనిషి మళ్లీ మీసేవ కౌంటర్ ముందే ఉంటాడు.

మార్గదర్శకాల దారి. ఇప్పుడు మన దేశం నడుస్తున్నది ఇందులోనే. 2025 నవంబరులో కేంద్రం ఏఐ పాలన మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టాలతో, కంపెనీల స్వచ్ఛంద కట్టుబాట్లతో నెట్టుకొద్దామన్నది దాని సారం. రష్మిక కేసు వరకు ఇది కొంత పనిచేసింది, పాత సెక్షన్లతోనే పట్టుకున్నారు. కానీ ఆమె సినిమా తార, దేశమంతా మాట్లాడింది, అయినా రెండు నెలలు పట్టింది. ఇంటర్ చదివే అమ్మాయి మీద ఎవడైనా ఇదే పని చేస్తే స్టేషన్‌లో ఫిర్యాదు రాయించుకోవడానికే ఎన్ని రోజులు తిరగాలో ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే ఈ ఒక్క విషయంలో మార్గదర్శకాలు దాటి గట్టి నిబంధన కావాలంటాను. 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు సవరించి ఏఐతో చేసిన వీడియోలకు లేబుల్ తప్పనిసరి చేశారు, ఆదేశం వచ్చాక తీసేయాల్సిన గడువును మూడు గంటలకు కుదించారు. లేబుల్ మంచిదే, చైనాలోనూ 2025 సెప్టెంబరు నుంచి అలాంటి నియమం ఉంది. మూడు గంటల గడువు మాత్రం నాకు టెన్షన్ పుట్టిస్తోంది. నగ్న వీడియో మీద బాధితులే ఫిర్యాదు చేస్తే గడువు రెండు గంటలే, అది సబబే, కానీ ఒక మంత్రి మీద వేసిన వ్యంగ్య చిత్రానికి కూడా మూడు గంటలే గడువంటే కంపెనీ ఆలోచించకుండా తీసేస్తుంది. అలాంటి వాటికి ఇంకాస్త వ్యవధి ఇచ్చి ఉండాల్సింది.

రేషన్ కార్డు దగ్గరికి వచ్చేసరికి మార్గదర్శకాలు ఒట్టి కాగితాలు. కోర్టులో చూపించుకోవడానికి అందులో బాధితుల చేతికి ఏమీ లేదు. 2023 వ్యక్తిగత డేటా చట్టం ఉంది కదా అంటారా, సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం మన డేటాను వాడుకోవడానికి విడిగా మన సమ్మతి అడగనక్కర్లేని వెసులుబాటు అందులోనే ఉంది.

ఒక సంగతి గమనించారా? తెలంగాణలో ఆ వేలమందికి కార్డులు తిరిగి వచ్చింది ఏఐ నియమం వల్ల కాదు. ఒకరి నోటి దగ్గర కూడు తీసేముందు వాళ్ల మాట వినాలన్న పాత న్యాయసూత్రమే ఆదుకుంది. నేను మొగ్గేది అటే. కళ్లెం వాడే చోట వేయాలి, అందులోనూ ముందు ప్రభుత్వానికి వేయాలి. యంత్రం అనుమానించవచ్చు, రద్దు చేయకూడదు. ఇవ్వడానికి యంత్రం ఎంత వేగంగా పనిచేసినా నాకు అభ్యంతరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు, సేవలు ఇస్తున్నారు, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే అంతకన్నా ఏం కావాలి. తీసేసే దగ్గర మాత్రం మనిషి ఉండాలి.

దీనికి వచ్చే ఎదురు ప్రశ్న గట్టిదే. మనుషులు లంచం తింటారు, మిషన్ తినదు, దశాబ్దాల పాటు బోగస్ కార్డులు పుట్టించింది మనుషులే కదా? నిజం. అయితే గుమాస్తా తప్పు చేస్తే ఆ ఊరితో పోతుంది, ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో తెలుస్తుంది, ప్రజావాణిలో కలెక్టర్ ముందు పేరు పెట్టి చెప్పొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఒక పోలిక తప్పితే ఒకే రాత్రి రాష్ట్రమంతా తప్పుతుంది, అడిగితే తహసీల్దార్ ఆఫీసులో సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా అంటారు. పాపం వాళ్లూ అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకీ నిజంగానే తెలియదు. అవినీతిని పట్టుకోవడానికి యంత్రాన్ని వాడండి, పట్టుకున్నాక ఇంటికి వెళ్లి చూడండి.

ఇక ఆపాలనేవాళ్ల భయం. రేపటి మోడళ్లు జీవాయుధాలు చేయడానికి సాయపడతాయనో, మనిషి చేతిలోంచి జారిపోతాయనో వాళ్ల ఆందోళన. ఏఐకి పునాదులు వేసినవాళ్లలో ఒకరైన జెఫ్రీ హింటన్ లాంటి పెద్ద శాస్త్రవేత్త 2023లో గూగుల్ నుంచి బయటికొచ్చి ఇదే మాట అంటున్నప్పుడు కొట్టిపారేయలేం. వాడే చోట వేసే కళ్లెం దీనికి సరిపోదని ఒప్పుకుంటాను. దీనికి మాత్రం తయారుచేసే చోటే కట్టడి కావాలి, కానీ అది ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగే కంపెనీలకు చాలు. కాలిఫోర్నియా 2025 సెప్టెంబరులో తెచ్చిన చట్టం ఆ దారిలోదే: అతిపెద్ద మోడళ్లు చేసేవాళ్లు తమ భద్రతా పద్ధతులు బయటపెట్టాలి, ప్రమాదకర ఘటనలు జరిగితే ప్రభుత్వానికి చెప్పాలి, లోపలి ఉద్యోగి హెచ్చరిస్తే వేధించకూడదు. దాన్ని మాదాపూర్ కుర్రాళ్ల మీదికి లాగాల్సిన పని లేదు.

మన రెండు రాష్ట్రాల్లో దీనికోసం పార్లమెంటు వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు, ఒక జీవో చాలు. ఏ పథకంలో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో, ఏ రికార్డులు చూస్తున్నారో వెబ్‌సైట్‌లో పెట్టాలి. కార్డు గానీ పింఛను గానీ తీసేముందు నోటీసు తెలుగులో, కావలసినచోట ఉర్దూలో, ఇంటికి చేరాలి, అందులో ఫలానా నంబరు కారు మీ పేరున ఉన్నట్టు కనిపిస్తోందని కారణం విప్పి రాయాలి. ఆ నంబరు కనిపిస్తేనే కదా అది నాది కాదని ఆ పెద్దావిడ చెప్పగలిగేది. కింద సంతకం పెట్టిన అధికారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. విచారణ ముగిసేదాకా బియ్యం ఆపకూడదు.